తోక ఎత్తని జింక

అక్టోబరు 29, ఆదివారం

కొట్టం వెనక కంచెకు లోరెన్ పేపరు ప్లేట్లు కట్టాడు. బ్రిట్టా కాల్చిన ప్రతి తూటా ప్లేటులోనే పడింది. ఒక ప్లేటు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, నేను పిండి పిసుకుతున్న బల్ల మీద పెట్టింది. చిల్లులన్నీ కలిపి నా అరచేతి కింద దాగిపోతాయి. చూడమ్మా, చూడు చూడు అని ఒకటే గంతులు. తొమ్మిదేళ్ళ పిల్ల. పై పన్ను ఒకటి ఇంకా సగమే వచ్చింది.

లోరెన్ గుమ్మంలో నిలబడి, తానే కాల్చినట్టు మురిసిపోతున్నాడు. ఇంకేం కావాలి నీకు, ఈ ఏడే దీన్ని మంచె ఎక్కిద్దాం అన్నాడు. ప్లేటు కదలదు కదా అన్నాను. ప్లేటుకు కళ్ళు కూడా లేవు కదా అనబోయి, పిల్ల ముందు ఎందుకులే అని ఊరుకున్నాను.

విస్కాన్సిన్‌లో ఇప్పుడు వయసుతో పని లేదు. పెద్దవాళ్ళెవరో ఒకరు చేతికందేంత దూరంలో కూర్చుంటే చాలు, పాలపళ్ళు ఊడని పిల్లయినా తుపాకీ పట్టొచ్చు. మా రోజుల్లో పన్నెండు నిండాలి. అప్పుడు తల్లులకు హాయి. చట్టం ఒప్పుకోదు, నేనేం చెయ్యను అంటే సరిపోయేది. ఇప్పుడా కాదనే పని నా నెత్తిన పడింది.

రొట్టె మాడింది.

అక్టోబరు 31

హాలోవీన్. ఆరేళ్ళ ఓటిస్ జింక వేషం వేశాడు, బ్రిట్టా వేటగత్తె వేషం. వీధి వీధంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నవంబరు 3, శుక్రవారం

అందరం కలిసి చేపల వేపుడు తినడానికి హోటలుకు వెళ్ళాం. మామగారు ఆర్వల్, ఆడపడుచు డార్లా, మేము. కూర్చోగానే అదే గోల.

మామగారి కొలత వేరు. తుపాకీ సంగతి తర్వాత చూద్దాం అమ్మాయ్, మంచె మీద చలికి గొణక్కుండా కూర్చుని, చాక్లెట్ కాగితం చప్పుడు లేకుండా విప్పగలిగిన పిల్ల వేటకు పనికొచ్చినట్టే అన్నారు. వీణ్ణి ఏడో ఏట కోటు కింద దాచిపెట్టి తీసుకుపోయా, ఏం, చెడిపోయాడా అని లోరెన్ వీపు చరిచారు. చెడిపోయాడో లేదో నన్నడగండి అన్నాను. పక్క బల్లవాళ్ళు కూడా నవ్వారు.

డార్లా నవ్వలేదు. మా ట్రెంట్‌ను పన్నెండు దాకా ఆపాను, వాడి కొమ్ములేం రాలిపోలేదు అంది. అక్కడితో ఆగితే డార్లా ఎందుకవుతుంది. మీ పిల్లకు దీపం లేనిదే నిద్ర పట్టదు గదా, దాని చేతికి తుపాకీ ఇస్తారా, బాగుందమ్మా వరస అంది. బ్రిట్టా తలొంచుకుని బంగాళాదుంపలు పొడుస్తూ కూర్చుంది. చెవులు ఎర్రబడ్డాయి.

పడుకునే ముందు ఆ దీపం అదే ఆర్పేసింది. తలుపు అవతల నిలబడి విన్నాను. పిల్లకు నిద్ర లేదు. నాకూ లేదు.

నవంబరు 6, సోమవారం

నేను స్కూలు బస్సు నడుపుతాను. ఈ నెల వచ్చిందంటే బస్సులో వేరే మాట ఉండదు. ఎవరి మంచె ఎక్కడ, ఎవరి నాన్న ఏ తుపాకీ కొన్నాడు, ఎవరు నిరుడు చెట్టెక్కి నిద్రపోయి కింద పడ్డారు. అద్దంలో చూస్తే బ్రిట్టా చెవులప్పగించి వింటోంది. మా పిల్ల నా బస్సులోనే వస్తుంది.

సాయంత్రం దాన్ని నేనే తీసుకెళ్ళాను, తుపాకీ లేకుండా. మా పొలం చివర దేవదారు చిత్తడి ఉంది, దాని ఒడ్డున మంచె. చీకటి పడేదాకా కూర్చోవాలి, మాట్లాడకూడదు, ఊగకూడదు అన్నాను. జుట్టు కత్తిరిస్తుంటే కుదురుగా ఉండని పిల్ల. పావుగంటలో దిగుదామంటుంది, అప్పుడు లోరెన్‌కు చెప్పడానికి నాకూ ఒక మాట దొరుకుతుంది అనుకున్నాను.

అనుకున్నదొకటి. బొమ్మలా కూర్చుంది. ఊగింది నేను. నా బూటు చెక్కకు తగిలి చప్పుడైతే, వేలు పెదవుల మీద పెట్టి నన్ను ఊరుకోమంది.

చీకటి పడబోతుండగా ఒక ఆడ జింక వచ్చింది. మంచె కింద నిలబడి పైకి చూసింది. బ్రిట్టా నా చొక్కా చేయి గట్టిగా పట్టుకుంది. ఊపిరి బిగబట్టిందని తెలుస్తూనే ఉంది. జింక మళ్ళీ తల దించి గడ్డి కొరుక్కుని, తాపీగా వెళ్ళిపోయింది.

దిగాక అంది: అది నన్ను చూసిందమ్మా. చూసి కూడా పరుగెత్తలేదు. అలాంటిదాన్ని కాలుస్తావా మరి అని అడిగాను. ఇల్లు కనపడేదాకా నా ముందే నడిచింది. తర్వాత, అందుకే సరిగ్గా కాల్చాలి అంది.



నవంబరు 9, గురువారం

ఒప్పుకున్నాను. ఒక షరతు మీద. లోరెన్‌ను కొట్టంలోకి పిలిచి చెప్పాను. పిల్ల ఏడ్చుకుంటూ ఇంటికొచ్చిందంటే అదే ఆఖరు. పన్నెండు నిండేదాకా తుపాకీ ముట్టదు, నువ్వు మళ్ళీ ఆ ఊసెత్తకూడదు.

ఎందుకేడుస్తుంది, వేటకు పోయే పిల్ల, పంటి డాక్టరు దగ్గరికి కాదు గదా అన్నాడు. ఏడిస్తే? అన్నాను. సరే సరే అన్నాడు.

ఆయన సరే అంత తొందరగా వస్తే నాకెప్పుడూ గుండెల్లో గుబులే.

నవంబరు 14

లైసెన్సు వచ్చింది. పేరు తప్పులేకుండా ఉందో లేదో చదివి చదివి చూసుకుని, ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించింది.

నవంబరు 18, శనివారం. తెల్లవారుజామున

వేట మొదలైన రోజు. బ్రిట్టా నాకంటే ముందే లేచి కూర్చుంది. పైన నారింజ కోటు, లోపల వాళ్ళ నాయనమ్మ కొన్న ఎర్రగళ్ళ చొక్కా. చాక్లెట్లన్నిటికీ కాగితాలు ముందే విప్పి జేబులో పోసుకుంది. తాతకు చెప్పకు అంది.

లోరెన్ థర్మాస్ మర్చిపోయి వెనక్కి వచ్చాడు. మళ్ళీ చేతి తొడుగులు మర్చిపోయి వచ్చాడు. పిల్ల ఏదీ మర్చిపోలేదు.

వాళ్ళు వెళ్ళాక తెల్లారేదాకా అలమారలన్నీ సర్దాను. ఎక్కడో దూరాన తుపాకీ మోగినప్పుడల్లా ఒక గిన్నె కింద పెట్టాను. ఓటిస్ లేచి, అక్క చంపేసిందా అని అడిగాడు. పాలు తాగరా అన్నాను.

అదే రోజు, సాయంత్రం

మధ్యాహ్నం సూపు తాగడానికి వచ్చి మళ్ళీ వెళ్ళారు. అప్పుడే మంచు వాన మొదలైంది. పొద్దు కుంకుతుండగా చిత్తడి వైపు నుంచి ఒక్క శబ్దం. దగ్గరగా. చేతిలో కత్తి పక్కన పెట్టి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను.

చాలాసేపు పడుతుందనుకున్నాను. దొరికిందాన్ని చీల్చాలి, ఈడ్చుకురావాలి. కాసేపటికే ఇద్దరూ పొలానికి అడ్డం పడి వస్తున్నారు. ముందు లోరెన్, వెనక పిల్ల. గురి తప్పింది, మొదటిసారి గదా, ఏం ఫర్వాలేదు అని దూరం నుంచే కేకేశాడు.

ఇక గుడిసెలో తంతు. కొట్టం పక్కన పాత చెక్క గుడిసె ఉంది, మా వేటవాళ్ళ అడ్డా. దాని గోడ నిండా చొక్కా ముక్కలే. జింక మీద కాల్చి గురి తప్పినవాళ్ళ చొక్కా వెనక అంచు కోసి, పేరూ ఏడూ రాసి గోడకు మేకు కొట్టడం మామగారి నాన్నగారి నాటి ఆచారం. మామగారివి నాలుగైదు ఉన్నాయి. లోరెన్‌వి రెండు. నాదీ ఒకటి ఉంది, పూల చొక్కాది. అందరూ నవ్వుతారు, బీరు పోసుకుంటారు. అది అవమానం కాదు. మా జట్టులో చేరినట్టు లెక్క.

మామగారు కత్తి తీసి, రావమ్మా వేటగత్తే, తిరుగు తిరుగు అన్నారు. డార్లా కొడుకు ట్రెంట్ ఈలలు వేశాడు. బ్రిట్టా స్తంభంలా నిలబడింది. చొక్కా చిరుగుతుంటే వాళ్ళ నాన్న వంకే చూస్తోంది. లోరెన్ పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్నాడు.

కొత్త చొక్కా పోయిందని బాధ కాబోలు. అయినా ఏడవలేదు. నా షరతులో పిల్ల నెగ్గింది. నిజం చెప్పాలంటే గర్వంగా అనిపించింది నాకు.

నవంబరు 19, ఆదివారం

రాత్రంతా మంచు కురిసింది. కిటికీ అడుగు చట్రం దాకా పేరుకుంది.

లోరెన్ తెల్లారకముందే లేచి, కంచె చూసొస్తానని ఒక్కడే వెళ్ళాడు. మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు. తుపాకీ తీసుకెళ్ళలేదు. తర్వాత రోజంతా ఇంట్లోనే ఉన్నాడు. వేటరోజుల్లో ఆదివారం పూట ఈయన సోఫాలో కూర్చోవడం పెళ్ళయ్యాక ఇదే చూడ్డం. నడుము పట్టేసిందట.

బ్రిట్టాకు కడుపునొప్పట. సాసేజీ ముక్క నోట పెట్టలేదు. ఇద్దరికీ ఒకేరోజు నొప్పులు. నేను ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఏం వెతుకుతున్నానో నాకే తెలియదు.

నవంబరు 20

బస్సు సగం ఖాళీ. మగపిల్లలంతా అడవిలో ఉన్నారు. మిగిలినవాళ్ళు బ్రిట్టాను చుట్టుముట్టి, చొక్కా తోక తెగిందటగా అని ఆట పట్టించారు. అది కిటికీ అద్దం మీద ఊపిరి వదిలి, వేలితో తుడిచి బయటికి చూస్తూ కూర్చుంది.

నవంబరు 21, మంగళవారం

అందరూ దిగిపోయాక బస్సు షెడ్డులో పెట్టాను. ఇంజను ఆపాను. బ్రిట్టా వెనక సీటు నుంచి లేచి వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

అమ్మా, గురి తప్పితే జింక తోక ఎత్తి పారిపోతుందా అని అడిగింది. అవునే, తెల్ల గుడ్డ ఊపినట్టు తోక ఎత్తి, గంతులేస్తూ పోతుంది అన్నాను. తగిలితే? తగిలితే తోక కిందికే ఉంటుంది. పొట్టలో తగిలితే వీపు వంచుకుని నెమ్మదిగా నడుస్తుంది. ఇవన్నీ నాకు మా నాన్న నేర్పినవి. పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాను.

మరి నా జింక తోక ఎత్తలేదు. వీపు వంచుకుంది. నడుచుకుంటూ చిత్తడిలోకి పోయింది.

నాన్నతో చెప్పావా అన్నాను. చెప్పిందట. లేదమ్మా, తప్పింది, చీకట్లో నీకలా కనపడింది అన్నాడట.

పిల్ల సరిగ్గానే చూసిందని నాకు తెలిసిపోయింది. అయినా నా నోట వచ్చిన మాట ఏమిటో ఇక్కడ రాసి తీరాలి. వానకు తడిసిన జింక కూడా అలా నడుస్తుందిలే అన్నాను. నడవదు. ఎక్కడా నడవదు. పిల్ల నా మొహంలోకి చూసింది. చూసి, సరే అంది. సంచీ తగిలించుకుని బస్సు దిగింది.

అదే రోజు, భోజనాలయ్యాక

లోరెన్‌ను కొట్టంలోకి పిలిచాను. తోక ఎత్తిందా అని ఒక్క మాట అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు చెప్పారు అన్నాడు.

చూశాడట. మొదటి క్షణంలోనే తెలిసిందట. పొట్టలో తగిలింది. మంచు వాన, చీకటి, అలాంటి జింకను అప్పుడే వెంటాడకూడదు, గంటలకొద్దీ ఆగాలి. పిల్ల వణికిపోతోంది. పొద్దున్నే ఒక్కణ్ణే వచ్చి వెతికి తెస్తా, దొరికాక చెప్పొచ్చు అనుకున్నాడట. రాత్రి మంచు అన్నీ కప్పేసింది. చిత్తడిలోని కాలువ దాకా పోయి చూశాడు. నెత్తురు లేదు, అడుగుల్లేవు. తిరిగొచ్చాడు. ఇక ఆ తర్వాత ఏ మొహంతో చెప్పను అన్నాడు.

నేను తిట్టాను. నోటికెంతొస్తే అంత తిట్టాను. బతికున్న జంతువు పొట్టలో తూటాతో పడి ఉంటే నువ్వు సోఫాలో కూర్చున్నావు, పిల్ల కళ్ళు అబద్ధమన్నావు, దాని చొక్కా కోస్తుంటే కట్టెలు ఎగదోశావు అన్నాను. తేలు కుట్టిన దొంగలా అన్నీ విన్నాడు. ఆఖర్న మెల్లగా అన్నాడు: నువ్వే కదే అన్నావు, ఏడ్చుకుంటూ వస్తే అదే ఆఖరని. ఇంకో రెండు నిమిషాలుంటే అది ఏడ్చేది. అక్కడే.



రేపు చెబుదాం అన్నాడు. పండగ వెళ్ళనీ అన్నాను నేను. అవును, నేనే అన్నాను.

నవంబరు 22

రేపటి పండగకు గుమ్మడికాయ పైలు కాల్చాను. రెండుసార్లు బూట్లు తొడుక్కున్నాను, చిత్తడిలోకి వెళ్ళి చూసొద్దామని. రెండుసార్లూ విప్పేశాను. దొరికితే ఏం చెయ్యాలో తెలియదు.

నవంబరు 23, గురువారం. థాంక్స్‌గివింగ్

ఎక్కణ్ణించి మొదలుపెట్టను?

బల్ల చుట్టూ అందరం ఉన్నాం. మామగారు టర్కీ కోశారు. వంతులవారీగా ఎవరు దేనికి కృతజ్ఞులో చెప్పడం మా ఇంటి పద్ధతి. ఓటిస్ కుక్కకి అన్నాడు. డార్లా తన మోకాలి ఆపరేషన్‌కి అంది. బ్రిట్టా వంతు వచ్చింది.

తాతా, గోడ మీది నా చొక్కా ముక్క తీసెయ్యండి, నేను గురి తప్పలేదు అంది.

బల్లంతా నవ్వులు. ఇదిగో, తప్పినోళ్ళందరూ అనేదిదే, నేను మీ నాయనమ్మతో నలభై ఏళ్ళ నుంచి చెబుతున్నా అన్నారు మామగారు. ట్రెంట్ ఈల వేయబోయాడు. బ్రిట్టా నవ్వు ఆగేదాకా ఉండి, గొంతు పెంచకుండానే అంది: పొట్టలో తగిలింది. తోక ఎత్తలేదు. నాన్న చూశాడు. అమ్మకి కూడా తెలుసు.

అమ్మకి కూడా తెలుసు.  పిల్ల మా ఇద్దరినీ ఐదు రోజులుగా తూకం వేస్తోంది. మేమేమో దానికి వయసొచ్చిందా లేదా అని చూస్తున్నాం.

నేను ముందే చెప్పానా, చెప్పానా లేదా అని డార్లా మొదలెట్టింది. నువ్వు నోరుముయ్యవే అన్నారు మామగారు. లోరెన్ వైపు తిరిగారు. నిజమేనా రా అన్నారు. లోరెన్ తల ఊపాడు. మామగారు ఫోర్కు కింద పెట్టి, కుర్చీ వెనక్కి జరిపి లేచారు. బూట్లు తొడుక్కోండి అన్నారు. ఆయన అన్నదంతే.

నలుగురం వెళ్ళాం. మామగారు, లోరెన్, నేను, బ్రిట్టా. మంచె దగ్గర నిలబడి, ఎటు పోయిందో చూపించు తల్లీ అన్నారు మామగారు. లోరెన్ చెయ్యి ఎత్తబోయి దించేశాడు. బ్రిట్టా చూపించింది. కాలువ వైపు కాదు. దానికి ఎడమగా.

కాకులు లేచాయి. పడిపోయిన దేవదారు మాను కింద ఉంది. కయోటీ నక్కలు చాలావరకు తినేశాయి. ఎముకలు, తోలు, మంచులో గడ్డకట్టిన తల. మా ఇంటి నుంచి కొట్టం దాకా ఉన్నంత దూరం కూడా లేదు మంచె నుంచి. ఆదివారం పొద్దున పిల్లను వెంటబెట్టుకుని వచ్చి ఉంటే, మొదటి ఐదు నిమిషాల్లోనే దొరికేది.

బ్రిట్టా మోకాళ్ళ మీద కూర్చుని చేతి తొడుగు తీసి దాని చెవి ముట్టుకుంది. తాతా, ఎంతసేపు బతికుంటుంది అని అడిగింది. మామగారి నోరు మూసేద్దామనిపించింది నాకు. ఆయన టోపీ తీశారు. రాత్రంతా ఉండి ఉంటుంది తల్లీ, తెల్లారేదాకా కూడా కావచ్చు, అబద్ధం చెప్పను అన్నారు.

అప్పుడు ఏడ్చింది. ఎక్కిళ్ళు పెట్టి, చిత్తడంతా వినపడేలా ఏడ్చింది. లోరెన్ దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే తోసేసింది. నా దగ్గరికీ రాలేదు. పొలం పొడుగునా ఏడుస్తూనే నడిచింది. ఎవరూ ఊరుకోమనలేదు.

ఇంట్లోకి పోబోతుంటే మామగారు గుడిసె తలుపు తీశారు. గోడ మీంచి ఎర్రగళ్ళ ముక్క పీకి బ్రిట్టా చేతికిచ్చారు. తర్వాత జేబులోంచి కత్తి తీశారు. లోరెన్ వైపు చూసి, వేలితో గాలిలో ఒక చుట్టు చుట్టారు. తిరగమని.

లోరెన్‌కు నలభై రెండేళ్ళు. పండగకని ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. కోటు విప్పి తిరిగాడు. గుడ్డ చిరిగిన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎవరూ నవ్వలేదు. మామగారు పేరూ ఏడూ రాసి, సుత్తి తీసుకుని మేకు కొట్టారు. నాది కూడా కొయ్యండి, కాకపోతే నా వంటి మీద స్వెట్టరు తప్ప చొక్కా లేదు అన్నాను. నీ సంగతి నీ కూతురు చూసుకుంటుందిలే అమ్మాయ్ అన్నారు.

టర్కీ చల్లారిపోయింది. అయినా తిన్నాం.

నవంబరు 24

ఫ్రిజ్ మీద లైసెన్సు లేదు. చెత్తబుట్టలో ఉంది, నాలుగు ముక్కలుగా.

జింక ఇంటికి రాలేదు కదా, ఒక జింకకని ఇచ్చిన నీ ట్యాగు ఇంకా అలాగే ఉంది, కావాలంటే మళ్ళీ వెళ్ళొచ్చు అని లోరెన్ గోడకు చెప్పినట్టు చెప్పాడు. నా జింక అయిపోయింది అని అదీ గోడకే చెప్పింది.

ఏడ్చుకుంటూ వచ్చింది కాబట్టి నా షరతు ప్రకారం ఇక మూడేళ్ళు తుపాకీ ముట్టకూడదు. లోరెన్ నా మొహం చూశాడు, అంటానేమోనని. ఏమంటాను? ఏడవని పిల్లను పంపి ఉంటే నాకిప్పుడు ఇంకా భయమేసేది. కానీ మళ్ళీ వెళ్తానంటే పంపగలనా? పంపితే ఎవరి పక్కన కూర్చోబెట్టి పంపను? పొయ్యి తుడిచాను. తుడిచిందే తుడిచాను.

నవంబరు 25, శనివారం

ఓటిస్ పేపరు ప్లేటు తెచ్చి, నేనెప్పుడు మంచె ఎక్కుతా అని అడిగాడు. మీ నాన్ననడుగు అన్నాను. లోరెన్, మీ అమ్మనడుగు అన్నాడు. వాడు విసుక్కుని అక్క దగ్గరికి పోయాడు. ముందు బూట్లు కుడీ ఎడమా సరిగ్గా తొడుక్కోరా అంది బ్రిట్టా.

ఈ వారంలో దాని నోట వచ్చిన మొదటి వేళాకోళం. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను, ఎందుకో ఏడుపొచ్చి.

నవంబరు 26, ఆదివారం. మధ్యాహ్నం

వేటకు ఇవాళే చివరి రోజు. లోరెన్ తుపాకీ తుడిచి బీరువాలో పెట్టేస్తున్నాడు. బ్రిట్టా నారింజ కోటు వేసుకుని వచ్చి నిలబడింది. మీరు వెళ్ళరా అని అడిగింది. గురువారం తర్వాత వాళ్ళ నాన్నతో నేరుగా మాట్లాడడం ఇదే.

లేదమ్మా, ఈ ఏటికి చాలు అన్నాడు. మీ ట్యాగు ఉంది కదా, నేను తుపాకీ పట్టను, ఊరికే పక్కన కూర్చుంటాను అంది. లోరెన్ నా వంక చూశాడు. బ్రిట్టా కూడా చూసింది, కానీ అడుగుతున్నట్టు కాదు. నేను వద్దనలేదు, వెళ్ళమనీ అనలేదు. అలమారలోంచి టార్చిలైట్లు తీసి, బ్యాటరీలు ఉన్నాయో లేదో వెలిగించి చూసి, ఇద్దరికీ చెరొకటి ఇచ్చాను.

సాయంత్రం

చీకటి పడబోతుండగా ఒక్క శబ్దం. మావాళ్ళదే.

అప్పటి నుంచి కిటికీ వదల్లేదు. చాలాసేపు ఏమీ కనపడలేదు. ఇప్పుడు దేవదార్ల మధ్య రెండు వెలుగులు. చిన్నది ముందు, పెద్దది వెనక. నాలుగడుగులకోసారి ఆగుతున్నాయి. చిన్నది నేల మీదికి వంగితే పెద్దదీ వంగుతోంది.

మామగారు ఫోన్ చేసి, వెళ్ళి సాయం పట్టనా అన్నారు. వద్దన్నాను.

వెతకనీ.